రాతిలో తొలిచిన సమాధి ఎవరిది? హెగ్రా సమాధుల మూలాల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

సౌదీ అరేబియాలో ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగువారు పండుగ సెలవుల్లో అల్ ఉలా వెళ్ళి, అక్కడి ఇసుకరాతి కొండల్లో తొలిచిన సమాధులను చూసివస్తున్నారు. తిరిగివచ్చాక వాళ్ళు అడిగే సందేహాలు, ఫోటోలు చూసి ఇక్కడివాళ్ళు అడిగే సందేహాలు దాదాపు ఒకటే. ఎవరు తొలిచారు, ఎప్పుడు తొలిచారు, ఆ సంగతి మనకు ఎలా తెలిసింది అన్నవే వాటిలో ముఖ్యమైనవి. ఆ ప్రశ్నలను అడిగినవారి మాటల్లోనే ఉంచి, ఒక్కొక్కదానికి విడిగా జవాబు రాశాను. ఏ ప్రశ్న దగ్గరినుంచైనా చదువుకోవచ్చు.

## వెళ్ళే ముందు

మదాయిన్ సాలిహ్, అల్ హిజ్ర్, హెగ్రా అని మూడు పేర్లు వింటున్నాం. ఇవన్నీ ఒకటేనా?

ఒకటే. హెగ్రా ప్రాచీన నామం. గ్రీకు, లాటిన్ రచయితలు ఈ పేరుతోనే ప్రస్తావించారు. అల్ హిజ్ర్ అదే పేరుకు అరబీ రూపం. మదాయిన్ సాలిహ్ అంటే సాలిహ్ ప్రవక్త పట్టణాలు అని అర్థం. ఇది తర్వాతి కాలంలో యాత్రికుల వాడుకలో స్థిరపడింది. ఈ చోటు అల్ ఉలా పట్టణానికి ఉత్తరాన, ఈ సమాధులను తొలిచిన నబాతీయులనే ప్రాచీన వర్తక ప్రజల రాజధాని అయిన జోర్డాన్‌లోని పెట్రాకు ఆగ్నేయంగా సుమారు 500 కిలోమీటర్ల దూరంలో ఉంది. 2008లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. సౌదీ అరేబియాలో ఆ గుర్తింపు పొందిన మొదటి స్థలం ఇదే. ఇక్కడ 111 పెద్ద సమాధులు ఉండగా, వాటిలో 94 సమాధుల ముఖాలకు శిల్పాలంకారం ఉంది.

ఒక సమాధి "ఏ సంస్కృతిది" అని అడిగినప్పుడు నిజానికి ఏమడుగుతున్నట్టు?

ఆ ఒక్క మాటలో కనీసం ఐదు ప్రశ్నలు కలిసిపోయి ఉంటాయి. రాతిని తొలిచిన శిల్పులు ఎవరు? డబ్బిచ్చి తొలిపించుకున్న యజమాని ఎవరు? శాసనం ఏ భాషలో, ఏ లిపిలో ఉంది? అలంకారం ఏ దేశపు శైలి నుంచి వచ్చింది? లోపల పడుకోబెట్టిన మనుషులు ఎవరు? ఈ ఐదింటికీ ఒకే జవాబు రావాలన్న నియమం లేదు. హెగ్రాలోనే గ్రీకు ఆకారాల మధ్య అరమాయిక్ భాషలో (దాని నబాతీయ రూపాన్నే కింద నబాతీయ భాష అన్నాను) శాసనం కనిపిస్తుంది. ఆ భాషలో రాయించుకున్నవారి పేర్లు ఎక్కువగా అరబీ పేర్లు. ఐదింటినీ ఒకటిగా చూసినప్పుడే గందరగోళం మొదలవుతుంది, వాదనలు కూడా అక్కడే పుడతాయి. అందువల్ల "నబాతీయుల సమాధి" అన్నప్పుడు దాని అర్థం ఇంతే: నబాతీయ రాజ్యంలో, ఆ రాజ్యపు చట్టం కింద, ఆ రాజ్యపు శిల్పులు, అక్కడి అంత్యక్రియల ఆచారానికి తగినట్టుగా తొలిచిన సమాధి. యజమాని రక్తసంబంధాల గురించి ఆ మాట ఏమీ చెప్పదు.

ఇవి సమాధులేనా? కొండల్లో ఇళ్ళు తొలుచుకుని ఉన్నారని విన్నాం.

ఇవి సమాధులే. లోపలికి వెళ్తే పొయ్యి గుర్తులుగాని, కిటికీగాని, నీటి ఏర్పాటుగాని ఉండవు. ఉన్నదల్లా ఒక గది, దాని గోడల్లో మనిషి పట్టేంత పొడవున తొలిచిన అరలు, నేలలో గోతులు. ద్వారాల మీది శాసనాలు కూడా వీటిని సమాధులనే పిలుస్తాయి; అందుకు వాడిన నబాతీయ పదం "కఫ్రా". ఇక ప్రజలు నివసించిన ఊరు విడిగా మైదానం నడుమ బయటపడింది. అది పచ్చి ఇటుకలతో కట్టిన ఇళ్ళ ఊరు. చుట్టూ అదే ఇటుకతో ప్రాకారం ఉండేది. పచ్చి ఇటుక కాలంతో పాటు కరిగి మట్టిలో కలిసిపోతుంది, రాయి నిలుస్తుంది. ఈ రోజు వెళ్ళినవారికి కొండలు మాత్రమే కనిపించి, జనం అక్కడే ఉండేవారేమో అనిపించడానికి కారణం ఇదే.

సమూద్ జాతివారే వీటిని తొలిచారని అక్కడి మిత్రులు చెప్తారు. పురావస్తు శాస్త్రం దాన్ని కాదంటోందా?

ఇది అన్నిటికంటే ఎక్కువగా వచ్చే ప్రశ్న. జాగ్రత్తగా జవాబు చెప్పవలసిన ప్రశ్న కూడా.

ఖురాన్‌లో పదిహేనవ సూరా పేరే అల్ హిజ్ర్. ఆ చోటి ప్రజలు కొండల్లో నివాసాలు తొలుచుకుని నిశ్చింతగా ఉండేవారని, దైవసందేశాన్ని తిరస్కరించి నాశనమయ్యారని అందులో ఉంది. ముస్లిం సంప్రదాయం ఆ ప్రజలను సమూద్ జాతిగా, వారి ప్రవక్తను సాలిహ్‌గా చెప్తుంది. విశ్వాసులు ఈ స్థలాన్ని హెచ్చరికగా చూస్తారు. చాలామంది ఇక్కడికి రావడానికే ఇష్టపడరు. ఆ భావాన్ని గౌరవించడం చూడబోయేవారి కనీస మర్యాద.

సమూద్ అన్న ప్రజలు చరిత్రలో ఉన్నారన్నదానికి వేరే ఆధారాలు కూడా ఉన్నాయి. క్రీ.పూ. 715లో తాను ఓడించిన అరేబియా తెగల జాబితాలో అసీరియా చక్రవర్తి రెండవ సర్గాన్ వారి పేరు చెక్కించాడు. దాదాపు 900 ఏళ్ళ తర్వాత, క్రీ.శ. 160లలో, తబూక్ ప్రాంతంలోని రువాఫా అనే చోట ఒక ఆలయం మీద గ్రీకు, నబాతీయ భాషల్లో వేయించిన శాసనంలోనూ వారి పేరు ఉంది; అప్పటికి వారు రోమన్ చక్రవర్తులకు విధేయులైన దళంగా కనిపిస్తారు.

కాబట్టి పురావస్తు శాస్త్రం సమూద్ ఉనికిని కాదనడం లేదు. ఇప్పుడు మనకు కనిపిస్తున్న ఈ శిల్పాలంకార ముఖాలున్న సమాధులు ఎవరివి అన్న ఒక్క ప్రశ్నకే అది జవాబు చెప్తోంది. వాటి మీది శాసనాల్లో యజమానుల పేర్లు, నబాతీయ రాజుల పేర్లు, సంవత్సరాలు స్పష్టంగా ఉన్నాయి. అవన్నీ సుమారు క్రీ.శ. 1 నుంచి 75 వరకు ఉన్న కాలానికి చెందినవి. పూర్వకాలపు ప్రజల మీద విశ్వాసం ఒక విషయం, ఫలానా రాతిముఖం తేదీ మరో విషయం. రెండోదాన్ని ఒప్పుకున్నందువల్ల మొదటిదానికి హాని ఏమీ కలగదని నా అభిప్రాయం.

## రాతి ముఖం ముందు నిలబడినప్పుడు

గ్రీకు స్తంభాలు, త్రికోణపు పైభాగం కనిపిస్తున్నాయి. గ్రీకులు కట్టారా?

కాదు. పైనుంచి కిందికి ఒక్కో వరుసగా చూస్తే విషయం తేటపడుతుంది. అన్నిటికంటే పైన రెండు వైపులా మెట్ల ఆకారం ఉంటుంది. ఇది అసీరియా, బాబిలోనియా కోటగోడల మీది అలంకారం నుంచి వచ్చింది. దాని కింద లోపలికి వంపు తిరిగిన పెద్ద కపోతం, అంటే గోడ పైన చూరులా ముందుకు వచ్చే అంచు, ఉంటుంది. అది ఈజిప్టు ఆలయాల కపోతం. గోడలోంచి కొద్దిగా పొడుచుకువచ్చినట్టుండే అర్ధస్తంభాలు, ద్వారం మీద త్రికోణం, దాని కింద నిలువు గీతల పట్టీ గ్రీకు నిర్మాణపద్ధతివి. అర్ధస్తంభాల తలలు మాత్రం గ్రీకు నమూనాలకు సరిపోవు; ఆకులు, పువ్వులు లేకుండా, మూలల్లో కొమ్ముల్లా ముందుకు వచ్చిన నున్నని దిమ్మలు అవి. ఈ కొమ్ముల తల నబాతీయుల సొంతం. పెట్రాలోను, హెగ్రాలోను అదే కనిపిస్తుంది.

నబాతీయులు సాంబ్రాణి, బోళం వంటి సుగంధద్రవ్యాలను దక్షిణ అరేబియా నుంచి మధ్యధరా రేవులకు చేరవేసిన వర్తకులు. ఈజిప్టు, సిరియా, గ్రీకు నగరాలు వారి దారిలోనివే. నచ్చిన ఆకారాలను తెచ్చుకున్నారు, కాని పేర్చిన తీరు వారిదే. ఈజిప్టు కపోతం మీద అసీరియా మెట్లను నిలబెట్టి, దాని కింద గ్రీకు ద్వారాన్ని అమర్చినవాడు ఆ మూడు దేశాల్లో ఏ ఒక్కదానివాడూ కానవసరం లేదు. ఒక సమాధి మూలాన్ని నిర్ణయించేటప్పుడు విడి అలంకారం కంటే అలంకారాల కూర్పుకే ఎక్కువ బరువు ఇవ్వాలి.

మరి రోమన్లు?

రోమన్లు ఇక్కడికి వచ్చారు, కాని ఈ సమాధుల తర్వాత వచ్చారు. చక్రవర్తి ట్రాజన్ కాలంలో, క్రీ.శ. 106లో, నబాతీయ రాజ్యం రోమన్ సామ్రాజ్యంలో కలిసిపోయింది. హెగ్రాలో దొరికిన లాటిన్ శాసనం ఒకటి క్రీ.శ. 175–177 నాటిది, అందులో మార్కస్ అరేలియస్ పేరు, స్థానిక నగర ప్రముఖుడి పేరు ఉన్నాయి. తేదీలున్న సమాధి శాసనాల్లో చివరిదానికీ రోమన్ పాలనకూ మధ్య దాదాపు 30 ఏళ్ళ ఎడం ఉంది.

పైనుంచి కిందికి తొలిచారని ఎలా తెలిసింది? అది మూలాన్ని గుర్తించడానికి పనికివస్తుందా?

ఖస్ర్ అల్ ఫరీద్ అనే సమాధి దీనికి సాక్షి. మైదానంలో ఒంటరిగా నిలిచిన పెద్ద బండలో 20 మీటర్లకు పైగా ఎత్తున చెక్కిన ఈ సమాధి పూర్తికాలేదు. పైభాగంలో మెట్లు, కపోతం నున్నగా తీరి ఉన్నాయి. కిందికి వచ్చేకొద్దీ ఉలి గాట్లు ముతకబారి, అడుగుభాగం మోటురాయిగానే మిగిలిపోయింది. శిల్పులు బండ పైభాగాన నిలబడేందుకు చోటు చదును చేసుకుని, పని ముగించిన మేరకు కిందికి దిగుతూ వచ్చారు. పరంజా కట్టే కలప దొరకని ఎడారిలో ఇది తెలివైన పద్ధతి. ఎల్లోరా కైలాసాన్ని చెక్కిన మన శిల్పులు కూడా పైనుంచే మొదలుపెట్టారు.

అందువల్లనే ఈ పద్ధతి ఒక్కటీ మూలాన్ని చెప్పలేదు. రాతిని తొలిచే పని ఎక్కడైనా దాదాపు ఇలాగే సాగుతుంది. పనికివచ్చేవి చిన్న గుర్తులు. ఉలి గాట్ల వాలు, వాటి మధ్య ఎడం, మూలలు తీర్చిన పద్ధతి పక్కపక్క సమాధుల్లో ఒకేలా ఉంటే, అవి ఒకే శిల్పి బృందం చేసినవని అనుకోవడానికి వీలుంటుంది.

అల్ ఉలా దగ్గర కొండకు సింహాలు చెక్కిన సమాధులు చూశాం. అవి కూడా నబాతీయులవేనా?

కావు. అవి దాదాన్ అనే మరో ప్రాచీన నగరానికి చెందినవి, హెగ్రా సమాధుల కంటే కొన్ని శతాబ్దాలు పాతవి. కొండచరియకు చాలా ఎత్తున చతురస్రంగా తొలిచిన చిన్న ద్వారం, దానికి ఇరువైపులా ఎదురుగా చూస్తూ కూర్చున్న సింహాలు వాటి గుర్తు. మెట్ల అలంకారంగాని, అర్ధస్తంభాలుగాని ఉండవు. ఆ పరిసరాల్లోని శాసనాలు దాదానీ లిపిలోను, దక్షిణ అరేబియా నుంచి వచ్చి స్థిరపడిన మినాయి వర్తకుల లిపిలోను ఉన్నాయి. రెండు స్థలాల మధ్య దూరం సుమారు 20 కిలోమీటర్లే. ఒకే లోయ, ఒకే రాయి, అయినా వేరే రాజ్యం, వేరే కాలం.

## శాసనం చదివేటప్పుడు

లిపి ఏదో చదవడం రానివాళ్ళు గుర్తుపట్టగలరా?

చదవలేకపోయినా తేడా పట్టుకోవచ్చు. నబాతీయ లిపిలో అక్షరాలు నిలువుగా సాగి, చాలాచోట్ల ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయి. మొత్తం 22 అక్షరాలు. ఈనాటి అరబీ లిపి దీన్నుంచే పెరిగింది కనుక, అరబీ అక్షరాలు తెలిసినవారికి ఎక్కడో చూసినట్టు అనిపిస్తుంది. దాదానీ లిపిలో 28 అక్షరాలు. విడివిడిగా, రేఖాగణితపు బొమ్మల్లా నిలబడి ఉంటాయి, పదాల మధ్య చిన్న నిలువు గీత ఉంటుంది. రెండూ కుడినుంచి ఎడమకే సాగుతాయి.

శాసనాన్ని తర్వాత వచ్చినవాళ్ళు చెక్కి ఉండవచ్చు కదా? పాత సమాధి మీద పేరు వేసుకోవడం కష్టమేమీ కాదు.

ఇది మంచి సందేహం, ప్రతి శాసనం దగ్గరా అడిగి తీరవలసిన సందేహం. జవాబు శాసనం ఉన్న చోటులోనే దొరుకుతుంది. ద్వారం పైన, ముఖపు అలంకారంలో భాగంగా, శాసనం కోసమే నున్నగా తీర్చి అంచు కట్టిన పలక ఉంటుంది. ముఖాన్ని చెక్కుతున్నప్పుడే ఆ పలకకు చోటు కేటాయించకపోతే, తర్వాత దాన్ని తెచ్చిపెట్టడం కుదరదు. చుట్టూ ఉన్న రాయికంటే అది లోతుగా పోవలసి వస్తుంది. రెండో ఆధారం శాసనంలోని మాటలు. అవి "ఈ సమాధిని ఫలానావారు చేయించారు" అని చెప్పి, కొన్నిటి చివర చెక్కిన శిల్పి పేరు కూడా ఇస్తాయి. అబ్ద్ ఒబొదత్ కొడుకు అఫ్తహ్ అనే శిల్పి పేరు అలా ఒకటికంటే ఎక్కువ సమాధుల మీద ఉంది.

బాటసారులు పక్క బండల మీద గీకిన పేర్లు వేరే రకానివి. వాటికి పలక ఉండదు, వరుస ఉండదు, రాతి ముఖపు కూర్పుతో సంబంధం ఉండదు. అలాంటి గీతలను పట్టుకుని సమాధి ఎవరిదో తేల్చకూడదు.

ఆ శాసనాల్లో ఇంతకూ ఏం రాసి ఉంది?

వాటిని సమాధి మీది స్మృతివాక్యాలుగా ఊహించుకుంటే పొరపాటు. అవి ఆస్తి పత్రాలు. హక్కుదారు పేరు, వారసులెవరు, లోపల ఎవరిని ఉంచవచ్చు, ఎవరిని ఉంచకూడదు, అమ్మడం, తాకట్టు పెట్టడం, అద్దెకివ్వడం నిషిద్ధమన్న షరతు, మీరినవాడికి జరిమానా, దేవతల శాపం, రాజు పేరు, సంవత్సరం అన్నీ ఉంటాయి. ఒక శాసనమైతే తన ప్రతిని కైషా దేవత ఆలయంలో దాచినట్టు కూడా చెప్తుంది. మన రిజిస్ట్రారు కచేరీలో నకలు ఉన్నట్టన్నమాట.

వీటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది కమ్‌కమ్ అనే స్త్రీ శాసనం. హరాము కూతురు వాఇలత్, ఆమె కూతురు కమ్‌కమ్, ఆమె కూతురు కులైబత్ అని నాలుగు తరాల స్త్రీల పేర్లు అందులో వరుసగా వస్తాయి. ఎక్కడా తండ్రి పేరు లేదు. తల్లీకూతుళ్ళు ఇద్దరూ తమకోసం, తమ సంతతికోసం ఈ సమాధిని చేయించుకున్నామని ప్రకటించారు. దాన్ని అమ్మినవాడిని, కొన్నవాడిని, తాకట్టు పెట్టినవాడిని దుషారా, అల్లాత్, మనాతు, కైషా దేవతలు శపించాలని కోరి, పైగా వెయ్యి సెలాల (ఆనాటి వెండి నాణేల) జరిమానా విధించారు. గౌతమీపుత్ర శాతకర్ణి వంటి పేర్లు చదివిన మనకు తల్లి పేరుతో గుర్తింపు కొత్త కాదు. ఆ శాపాలు కూడా కొత్తగా అనిపించవు. మన దానశాసనాల చివర, ఈ ధర్మాన్ని చెరిచినవాడు గంగ ఒడ్డున కపిల గోవును చంపిన పాపాన పోతాడని రాయించినవారి ఆరాటమూ ఇదే: తాము పోయాక కూడా తమ మాట నిలవాలి.

మూలాన్ని గుర్తించడంలో ఈ వివరాలన్నీ ఎందుకు ముఖ్యమంటే, దుషారా నబాతీయ రాజవంశపు ప్రధాన దైవం. ఆ దైవం పేరిట శాపం, నబాతీయ రాజు పేరిట ముద్రించిన నాణేల్లో జరిమానా, నబాతీయ లిపిలో రాత కలిసి ఒకే పలక మీద ఉన్నాయి. ఒక్కో ఆధారం విడిగా బలహీనమే కావచ్చు. ఇవన్నీ కలిసిన చోట అనుమానానికి తావు చాలా తక్కువ.

తేదీని ఎలా లెక్కకట్టారు? వాళ్ళకు క్రీస్తుశకం తెలియదు కదా.

శాసనాలు రాజ్యసంవత్సరాల్లో కాలం చెప్తాయి, మన ఇక్ష్వాకుల నాగార్జునకొండ శాసనాల్లాగే. "తన ప్రజను ప్రేమించే నబాతీయుల రాజు హారితత్ తొమ్మిదవ సంవత్సరం, తేబేత్ నెల" అన్నది కమ్‌కమ్ శాసనపు తేదీ. ఈ హారితత్‌నే గ్రీకులు అరేటాస్ అన్నారు; తెలుగు బైబిల్లో అరెత అన్న పేరుతో కనిపించే రాజు ఇతడే. రాజ్యసంవత్సరాలు ముద్రించిన నాణేలను, యూదు చరిత్రకారుడు జోసీఫస్ చెప్పిన సంఘటనలను సరిపోల్చి, ఇతడి పాలన క్రీ.పూ. 9లో మొదలై క్రీ.శ. 40 వరకు సాగిందని నిర్ణయించారు. ఆ లెక్కన తొమ్మిదవ ఏడు క్రీ.పూ. 1, క్రీ.శ. 1 సంధిలో పడుతుంది. తర్వాత రెండవ మాలికు క్రీ.శ. 70 వరకు, రెండవ రబ్బెల్ 106 వరకు పాలించారు. తేదీలున్న సమాధి శాసనాలన్నీ ఈ ముగ్గురి కాలంలోనివే.

యజమాని నబాతీయుడు కాకపోతే సమాధి ఎవరిదవుతుంది?

అలాంటి ఉదాహరణ హెగ్రాలోనే ఉంది. క్రీ.శ. 42–43 నాటి ఒక సమాధి శాసనంలో యజమాని షుబైతు తనను తాను "యూదుడు" అని చెప్పుకున్నాడు. సమాధి ముఖం మాత్రం చుట్టుపక్కల ఉన్నవాటిలాగే ఉంది, శాసనం నబాతీయ భాషలో ఉంది, తేదీ నబాతీయ రాజు పేరిట ఉంది. ఆ ఒక్క పదం చెరిగిపోయి ఉంటే, అతడి సంగతి మనకు ఎప్పటికీ తెలిసేది కాదు. కట్టడం నబాతీయ సంప్రదాయానిది, కట్టించినవాడు యూదుడు. రెండు మాటలూ నిజమే.

మిగతా యజమానుల్లో సైన్యాధికారులు, ఒక వైద్యుడు, పలువురు స్త్రీలు ఉన్నారు. సైన్యాధికారుల హోదాకు వాడిన "స్ట్రాటెగోస్" గ్రీకు మాట. కలెక్టరు, దరఖాస్తు అన్న మాటలు వాడినంత మాత్రాన మనం ఇంగ్లీషువాళ్ళమో పారసీకులమో కానట్టే, ఆ పదం వల్ల వారూ గ్రీకులు కారు.

సమూదిక్ శాసనాలు కూడా అక్కడ ఉన్నాయట. మరి అవి సమూద్ జాతివే కదా?

పేరు వల్ల వచ్చిన చిక్కు ఇది. "సమూదిక్" అన్నది ఆధునిక పండితులు పెట్టిన పేరు. ఉత్తర అరేబియాలో బండల మీద దొరికిన కొన్ని రకాల లిపులను మరే వర్గంలోను చేర్చలేక ఒక గంపగుత్త పేరు కింద పెట్టారు. ఆ లిపిలో రాసినవారందరూ సమూద్ తెగవారని దాని అర్థం కాదు.

అరబీ భాషలో ఉన్న సమాధి శాసనం కూడా ఉందంటారు. అది నిజమేనా?

నిజమే. కాబ్ అనే వ్యక్తి తన తల్లి రఖూష్ కోసం వేయించిన శాసనం అది. ఆమె అల్ హిజ్ర్‌లో చనిపోయిందని, సంవత్సరం 162 అని అందులో ఉంది. రోమన్ అరేబియా రాష్ట్రపు శకం క్రీ.శ. 106 నుంచి మొదలవుతుంది కనుక, అది క్రీ.శ. 267. లిపి నబాతీయం, భాషలో అరబీ మాటలు బాగా కలిసి ఉన్నాయి, పక్కనే సమూదిక్ అక్షరాల్లో చిన్న వరుస ఉంది. పాత దేవతల పేర్లకు బదులు "లోకానికి ప్రభువు" శపించాలని కోరాడు. పెద్ద సమాధులు తొలిచిన కాలం ముగిసి దాదాపు 200 ఏళ్ళు గడిచాక కూడా ఊళ్ళో జనం ఉన్నారని, వారి భాష మారుతోందని ఇది చెప్తుంది. ముఖాలు చెక్కినవారు ఎవరో తేల్చడానికి దీన్ని వాడకూడదు.

## లోపల, తవ్వకాల్లో

లోపల ఏం దొరికింది?

చాలా సమాధులను పూర్వమే దోచుకున్నారు. అయినా 2008 నుంచి సౌదీ, ఫ్రెంచి పురావస్తు బృందాలు కలిసి చేసిన తవ్వకాల్లో కొన్నిచోట్ల మంచి ఆధారాలు మిగిలాయి. వహ్బు కూతురు హినత్ పేరిట శాసనమున్న సమాధిలో పదులకొద్దీ మనుషుల ఎముకలు, శవాలకు చుట్టిన వస్త్రాల పొరలు, తోలు, కొయ్య ముక్కలు, ఖర్జూరాలు గుచ్చిన దండ దొరికాయి. ఎడారి పొడిగాలి వాటిని కాపాడింది. ఒక కుటుంబం తరతరాలుగా అదే సమాధిని వాడుకున్నదని శాసనం చెప్పిన మాటకు ఎముకల సంఖ్య బలం చేకూర్చింది.

2023లో ఒక పుర్రె ఆధారంగా నిపుణులు ఒక స్త్రీ ముఖాన్ని తీర్చిదిద్దారు. ఆమెను హినత్ అని పిలుస్తున్నారు. సమాధి యజమాని పేరు ఆమెకు పెట్టారన్నది గుర్తుంచుకోవాలి. ఆ పుర్రె మీద పేరేమీ లేదు.

కార్బన్ పరీక్షతో సమాధి వయసు తెలియదా?

రాతికి కార్బన్ పరీక్ష పనిచేయదు. లోపల దొరికిన గుడ్డ, కొయ్య, తోలు వంటివాటికి పనిచేస్తుంది. అయితే ఆ పరీక్ష చెప్పేది ఆ వస్తువు కాలాన్ని. సమాధి తొలిచిన వందేళ్ళ తర్వాత తెచ్చిపెట్టిన చాపకు పరీక్ష చేస్తే చాప వయసే వస్తుంది. తొలిచిన కాలానికి శాసనం, వాడిన కాలానికి కార్బన్ పరీక్ష అని విడదీసి చూడాలి.

డీఎన్ఏ పరీక్ష చేస్తే నబాతీయులో కాదో తేలిపోతుంది కదా?

తేలదు. డీఎన్ఏ వంశాన్ని, బంధుత్వాన్ని చెప్పగలదు. ఏ రాజుకు పన్ను కట్టారో, ఏ దేవుడి పేరిట శపించారో, ఏ భాషలో పత్రం రాయించుకున్నారో చెప్పలేదు. నబాతీయత ఆ రెండో రకం విషయం.

శాసనం లేని సమాధి సంగతి ఏమిటి? పెట్రాలో శాసనాలు కనిపించలేదు.

పెట్రాలో వందలకొద్దీ శిల్పాలంకార ముఖాలు ఉన్నా, వాటి మీద శాసనాలు చాలా అరుదు. అక్కడి తుర్క్‌మానియా సమాధి మీద పొడవైన శాసనం ఉంది. గదులు, ముంగిళ్ళు, తోట, నీటి తొట్లు అన్నీ లెక్కపెట్టి అవి దుషారాకు చెందుతాయని చెప్తుంది కాని, యజమాని పేరు ఇవ్వదు, సంవత్సరం ఇవ్వదు.

ఇక్కడే హెగ్రా విలువ తెలుస్తుంది. హెగ్రాలో ముఖం ఆకారమూ తేదీ ఒకే చోట ఉన్నాయి. ఒక వరుస చిన్న మెట్లున్నవి, రెండు పెద్ద అర్ధమెట్లు ఎదురెదురుగా ఉన్నవి, త్రికోణపు ద్వారం ఉన్నవి అని ముఖాలను రకాలుగా విడదీసి, ఒక్కోదానికి తెలిసిన తేదీలను జతచేస్తే, అదే రకపు పెట్రా సమాధులకు ఉజ్జాయింపు కాలం దొరుకుతుంది. అయితే సాదాగా ఉన్నవి పాతవని, అలంకారం ఎక్కువైనవి కొత్తవని తేలిగ్గా అనుకోకూడదు. హెగ్రాలో ఒకే దశాబ్దంలో పెద్దదీ చిన్నదీ తొలిచారు. తేడా కాలానిది కాదు, తొలిపించినవారి స్తోమతది.

## చదివినవి, విన్నవి

ప్రాచీన గ్రంథాలు నబాతీయుల సమాధుల గురించి ఏమంటాయి?

నమ్మదగినంతగా ఏమీ అనవు. నబాతీయులు మృతదేహాలను పెంటతో సమానంగా చూస్తారని, రాజులను సైతం పెంటకుప్పల పక్కన పూడుస్తారని గ్రీకు భౌగోళికుడు స్ట్రాబో రాశాడు. అతడు పెట్రాకు స్వయంగా వెళ్ళలేదు, వెళ్ళివచ్చిన మిత్రుడి మాటలు విన్నాడు. నబాతీయ భాషలో సమాధికి ఉన్న "కఫ్రా" అన్న పేరు, పెంటకు వాడే గ్రీకు మాటలా చెవికి వినబడటం వల్ల ఈ అపార్థం పుట్టిందని కొందరు పండితుల వివరణ. వెయ్యి సెలాల జరిమానాతో తమ సమాధులను కాపాడుకున్న మనుషుల గురించి అలాంటి మాట నిలిచిపోవడం బాధాకరం. రాతి మీద వాళ్ళు స్వయంగా రాయించిన మాటకు, దూరాన ఉండి విన్నవాడి మాటకంటే ఎక్కువ విలువ ఇవ్వాలి.

ఈ శాసనాలను మొదట ఎవరు వెలుగులోకి తెచ్చారు?

ఇంగ్లండుకు చెందిన చార్లెస్ డౌటీ 1876లో డమాస్కస్ నుంచి బయలుదేరిన హజ్ యాత్రికుల బిడారుతో ఇక్కడికి చేరి, శీతకాలం గడిపి, తడిపిన కాగితాలను రాతికి అదిమి శాసనాల అచ్చులు తీశాడు. వాటిని ఎర్నెస్ట్ రెనాన్ 1884లో పారిస్‌లో ప్రచురించాడు. తర్వాత 1907–1910 మధ్య జోసెన్, సావిన్యాక్ అనే ఇద్దరు ఫ్రెంచి మతగురువులు సమాధులన్నిటినీ కొలిచి, ఫోటోలు తీసి, ముఖాలను రకాలుగా విడదీశారు. ఈనాటి పరిశోధనకు పునాది వారి పనే.

మన ఊళ్ళ దగ్గరి రాక్షస గుళ్ళు కూడా ఇలాంటివేనా?

రాక్షస గుళ్ళు, పాండవుల గుళ్ళు అని తెలుగు నేల మీద పిలిచే బృహత్ శిలాయుగపు సమాధులు రాతిలో తొలిచినవి కావు. పెద్ద బండపలకలను నిలబెట్టి, పైన కప్పు వేసి కట్టినవి. కొన్నిటి పలకకు గుండ్రని కన్నం ఉంటుంది. రాతిలో తొలిచిన సమాధులు చూడాలంటే కేరళ వెళ్ళాలి. త్రిశూర్ ప్రాంతంలో మెత్తని ఎర్రరాతిలో తొలిచిన గదులు ఉన్నాయి. వాటి మీద శాసనం లేదు కనుక నలుపు, ఎరుపు రంగుల కుండలు, ఇనుప పనిముట్లు చూసే కాలాన్ని నిర్ణయిస్తారు. ఉండవల్లి, గుంటుపల్లి గుహలు రాతిలో తొలిచినవే అయినా సమాధులు కావు. అవి ఆరాధనకు, భిక్షువుల నివాసానికి తొలిచినవి.

రాక్షసులు, పాండవులు అన్న పేర్లలో ఒక ఆలోచన ఉంది. ఇంత పెద్ద పని మామూలు మనుషులు చేయలేరన్న ఆశ్చర్యం అది. హెగ్రా చుట్టూ పెరిగిన జానపద కథల్లోనూ అదే వినిపిస్తుంది.

ఇతర దేశాల సమాధులను ఎలా గుర్తుపట్టాలి?

టర్కీ నైరుతి తీరంలోని లిసియా సమాధులు కొయ్య ఇంటి దూలాలను, వాసాలను రాతిలో అనుకరిస్తాయి; శాసనాలు లిసియన్ భాషలో ఉంటాయి. ఇటలీలోని చెర్వెతెరిలో ఎట్రుస్కన్లు లోపలి గదినే ఇల్లులా, మంచాలు తలదిండ్లతో సహా చెక్కారు. ఇరాన్‌లోని నఖ్ష్ ఎ రుస్తమ్‌లో రాతిముఖం శిలువ ఆకారంలో ఉంటుంది. అక్కడి నాలుగు రాజసమాధుల్లో మొదటి డేరియస్‌దాన్ని మాత్రమే శాసనం పేరుతో చెప్తుంది; మిగతా మూడింటికి పెట్టిన పేర్లు ఊహమీద ఆధారపడినవి.

నేను తీసిన ఫోటో చూపిస్తే ఏ సంస్కృతిదో చెప్పగలరా?

ముఖం మొత్తం కనిపించే ఒక్క ఫోటోతో చెప్పడం కష్టం. పైకొసన మెట్ల ఆకారం, అర్ధస్తంభాల తలలు, ద్వారం పైన పలక విడివిడిగా దగ్గరనుంచి తీసినవి కావాలి. పలక మీద ఎండ పక్కనుంచి పడే ఉదయం లేదా సాయంత్రం తీస్తే అక్షరాల లోతు తెలుస్తుంది. నడిమధ్యాహ్నం తీసిన ఫోటోలో అక్షరాలు చదునుగా కలిసిపోతాయి. కొలత కోసం పక్కన మనిషి నిలబడి ఉండాలి, కాని రాతిని తాకకూడదు. ఇసుకరాయి చేతిరాపిడికే రాలిపోతుంది. అక్షరాల మీద సుద్దతో దిద్దడం, నీళ్ళు చల్లడం అసలు చేయకూడదు. చివరగా ఆ సమాధి ఏ కొండలో ఉంది, ద్వారం ఏ దిక్కుకు ఉంది, పక్కన ఇంకేమున్నాయి అన్నది అక్కడే రాసుకోండి. ఆ వివరాలు లేకపోతే ఎంత మంచి ఫోటో అయినా సమాధి మూలం చెప్పడానికి చాలదు.